సాగర్ ఒడ్డున వైజాగ్ కాలనీ

మిర్యాలగూడ, కోదాడ పొలాలకు ఎడమ కాలువలో పారే నీరు అంతకు ముందు ఎక్కడ నిలిచి ఉంటుందో చూడదలచిన వారికి తగిన చోటు వైజాగ్ కాలనీ. నేరేడుగొమ్ము మండలంలో నాగార్జునసాగర్ వెనుక జలాల ఒడ్డున ఉన్న పల్లె ఇది. 1955లో శంకుస్థాపన జరిగిన డ్యామ్ పనులకు విశాఖ వైపు నుండి వచ్చిన కూలీలు కొందరు, పని ముగిసినా తిరిగి పోక, చేపల వేటతో ఇక్కడే స్థిరపడ్డారు. పేరు అలా వచ్చినదే.

చుట్టూ నీరు, కొండలు, ఆ పైన నల్లమల. 1983లో ఏర్పడిన పులుల అభయారణ్యంలో తెలంగాణ భాగమే నేటి అమ్రాబాద్ అభయారణ్యం. పులి కనబడుతుందని మాత్రం ఎవరూ ఆశపడనక్కర లేదు! తెల్లవారుజామున నీటికాకులు రెక్కలారబెట్టుకోవడం, వలలు తీసిన పుట్టీలు ఒడ్డుకు చేరడం చూస్తే చాలు.

సెలవు రోజుల్లో గుడారాలు వేసుకొనే పట్నవాసులకు వేయించిన చేపలే పెద్ద ఆకర్షణ. కాలనీ వారికి అది నాలుగు డబ్బులు. కాని తాగి విసిరిన సీసా పగిలితే తెగేది వల లాగేవాని కాలే. కవర్లు చేరేది చేపలు పెరిగే నీటిలోనే.

కృష్ణలో మొసళ్ళున్నవి, ఈతకు దిగరాదు. వానలు వెళ్ళి జలాశయం నిండుగా ఉన్నప్పుడు వెళ్ళడం మేలు. సూర్యాపేట వారు నల్లగొండ, దేవరకొండల మీదుగా పొద్దు గూకక ముందే చేరుకోవాలి.