ముదిరిపోతున్నాయి, తీసుకోండి!

మా పెరట్లో ఆనపపాదుకు మొదట పూతే గాని కాపు లేదు. పిందెలు పసుపెక్కి రాలిపోయేవి. పక్కింటి పిన్నిగారు చూసి, "పొద్దువాలి పూలు విచ్చుకోగానే మగపువ్వు కోసి, అడుగున పిందె ఉన్న ఆడపువ్వుకు అద్దమ్మా!" అన్నారు. అద్దాను. పందిరి వంగేటట్టు కాసింది.

"కొట్లో వేస్తే ఉప్పూ పప్పూ వస్తాయిగా?" అన్నారు మావారు. నిజమే. కాని నెలాఖరున పిన్నిగారింటికి చుట్టాలు దిగారు. అమ్మితే ఆవిడ కొనలేరు, దానమంటే పుచ్చుకోరు. లేతకాయలు రెండు కోసుకువెళ్ళి, "ముదిరిపోతున్నాయి పిన్నిగారూ, కాస్త సాయం చెయ్యండి" అన్నాను. ఆవిడ గోరు గుచ్చి చూసి, నవ్వి, అందుకున్నారు.

రాత్రి గిన్నెడు పులుసు మా ఇంటికి వచ్చింది. ఆ గిన్నె ఉత్తదిగా ఎలా పంపను? తెల్లవారగానే మళ్ళీ పందిరికిందికి నడిచాను.