వాల్వు క్లియరెన్సు

వాల్వు క్లియరెన్సు అనగా ఇంజనులో వాల్వు మూసి ఉన్నప్పుడు, దాని కాడ చివరకూ దానిని నొక్కే రాకర్ ఆర్మ్ లేదా క్యామ్‌కూ మధ్య ఉండే సన్నని ఖాళీ. దీనిని సరిచేయడాన్ని మెకానిక్కులు ట్యాపెట్ సెట్టింగ్ అంటారు. కార్లలో ఈ ఖాళీ సాధారణంగా 0.15 నుండి 0.40 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. ఖచ్చితమైన కొలతను తయారీదారు మాన్యువల్‌లో ఇస్తారు.

ఖాళీ అవసరం

లోహం వేడెక్కితే సాగుతుంది. 100 మి.మీ. పొడవున్న ఉక్కు కడ్డీ 300 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే సుమారు 0.36 మి.మీ. పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఖాళీ లేకుండా బిగిస్తే, వేడెక్కిన వాల్వు పూర్తిగా మూసుకోదు. పొగ బయటకు పోయే ఎగ్జాస్ట్ వాల్వు ఎక్కువ వేడెక్కుతుంది కనుక చాలా ఇంజన్లలో దానికి ఎక్కువ ఖాళీ ఇస్తారు. అయితే అల్యూమినియం హెడ్ కూడా సాగుతుంది. అందువలన కొన్ని ఇంజన్లలో వేడి మీద ఖాళీ తగ్గక పెరుగుతుంది. చల్లని ఇంజనుకూ వేడి ఇంజనుకూ మాన్యువల్‌లో వేర్వేరు కొలతలు ఇవ్వడానికి ఇదే కారణం.

ఎక్కువైతే, తక్కువైతే

ఖాళీ ఎక్కువైతే టకటకమనే శబ్దం వస్తుంది. వాల్వు ఆలస్యంగా తెరుచుకొని త్వరగా మూసుకుంటుంది, శక్తి కొంత తగ్గుతుంది. ఖాళీ తక్కువైతే శబ్దమేమీ రాదు, కానీ నష్టం దీనివల్లనే ఎక్కువ. వాల్వు తల తన వేడిలో అధికభాగాన్ని సీటుకు ఆనుకొని ఉన్న సమయంలోనే వదులుతుంది. సరిగా ఆనకపోతే మండుతున్న వాయువులు ఆ సందులోంచి దూసుకుపోయి వాల్వు అంచును కాల్చివేస్తాయి. అప్పుడు కంప్రెషన్ పడిపోతుంది, హెడ్ విప్పక తప్పదు. కనుక నిశ్శబ్దంగా ఉండాలని ట్యాపెట్లను బిగించడం సరికాదు.

వాల్వు సీటు అరిగేకొద్దీ వాల్వు పైకి జరిగి ఖాళీ తగ్గుతుంది. పూర్వం పెట్రోలులో కలిపే సీసం ఈ అరుగుదలను అడ్డుకొనేది. భారతదేశంలో 2000లో సీసపు పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. పాత ఇంజన్లలోనూ, గ్యాసుకు మార్చిన కార్లలోనూ ఖాళీని మరింత తరచుగా చూడవలసి ఉంటుంది.

సరిచేసే విధానం

మాన్యువల్ చల్లని కొలత ఇస్తే ఇంజన్ పూర్తిగా చల్లారే వరకు ఆగాలి. వాల్వు కవరు తీసి, క్రాంక్‌షాఫ్టు పుల్లీని స్పానరుతో తిప్పుతూ, ఒక సిలిండరు పిస్టనును కంప్రెషన్ స్ట్రోకు చివర పైకి తెస్తారు. అప్పుడు ఆ సిలిండరు వాల్వులన్నీ మూసి ఉంటాయి. లాక్‌నట్టు వదులు చేసి, తగిన మందం గల ఫీలర్ గేజ్ రేకును ఖాళీలో ఉంచి స్క్రూ తిప్పుతారు. రేకు స్వల్పమైన పట్టుతో జరగాలి. లాక్‌నట్టు బిగించేటప్పుడు స్క్రూ కదలవచ్చు కనుక బిగించాక మరల కొలవడం తప్పనిసరి.

అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజను వంటి ఎనిమిది వాల్వుల ఇంజన్లలో "తొమ్మిది లెక్క" ఉపయోగపడుతుంది: 8వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వది, 6వది తెరుచుకున్నప్పుడు 3వది సరిచేస్తారు. వాల్వుల వరుస అద్దంలో ప్రతిబింబంలా ఉన్న ఇంజన్లకే ఇది వర్తిస్తుంది.

మారుతి 800లో స్క్రూ పద్ధతి ఉండేది. కొన్ని ఇంజన్లలో స్క్రూకు బదులు షిమ్ అనే బిళ్ళను మార్చాలి. హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉన్నవాటిలో నూనె ఒత్తిడే ఖాళీని పూరిస్తుంది, సాధారణంగా సెట్టింగు అవసరం ఉండదు.

ట్రాక్టర్లలో

ఈ సూత్రమే డీజిల్ ట్రాక్టర్లకూ వర్తిస్తుంది. సంగారెడ్డి జిల్లా జహీరాబాదులో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం ఉంది. చెరకు పండించే ఝరాసంగం వంటి సమీప మండలాలలో కారు కంటే ట్రాక్టరు ట్యాపెట్లే రైతుకు ముఖ్యం. కారుకు తనిఖీ గడువును కిలోమీటర్లలో చెబుతారు. ట్రాక్టరు దున్నుతూ కొద్ది దూరమే పోయినా ఇంజన్ గంటల తరబడి పనిచేస్తుంది కనుక దాని గడువును మీటరులోని పని గంటలను బట్టి లెక్కిస్తారు.