సిమెంటు అంటించదు, బిగించి పట్టుకుంటుంది

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు వినబడటం కొత్తేమీ కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వచ్చి స్థిరపడ్డ కుటుంబాలున్నాయి. రిటైరైన పెద్దలున్న ఇళ్లలో మోకాలి మార్పిడి మాట వస్తే వెంటనే ఒక సందేహం: ఎముకలో సిమెంటు పోస్తారట, ఊడిపోదా? సిమెంటు లేని కొత్త రకమే మేలట కదా?

ఇది ఇల్లు కట్టే సిమెంటు కాదు. పాలిమిథైల్ మెథాక్రిలేట్ అనే ప్లాస్టిక్, కట్టుడు పళ్ల అక్రిలిక్‌కు దగ్గర బంధువు. ఆపరేషన్ థియేటర్‌లోనే పొడిని, ద్రవాన్ని కలుపుతారు. ముద్ద వేడెక్కుతూ పది పదిహేను నిమిషాల్లో గట్టిపడుతుంది. ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ 1950ల చివర్లో తుంటి కీలుకు దీన్ని వాడి, 1960లలో ఆ శస్త్రచికిత్సకు గట్టి పునాది వేశారు. ఇది జిగురు కాదు. ఎముక లోపలి స్పాంజి లాంటి రంధ్రాల్లోకి చొరబడి, అక్కడే గట్టిపడి, లోహాన్ని బిగించి ఉంచుతుంది. అందుకే ముందుగా అక్కడి రక్తం, కొవ్వు కడిగేస్తారు.

సిమెంటు లేని పద్ధతికి పోలిక రైల్వే వర్క్‌షాపులోనే ఉంది. రైలు చక్రాన్ని ఇరుసుకు వెల్డింగు చేయరు, బోల్టులూ వేయరు. చక్రం రంధ్రాన్ని ఇరుసు కంటే వెంట్రుకవాసి చిన్నగా చేసి, ప్రెస్సుతో నెట్టి ఎక్కిస్తారు. తొడ ఎముకలోకి దిగే లోహపు కాడనూ అంతే, కాస్త ఇరుకైన చోట్లోకి దిగగొడతారు. పోలిక ఇక్కడితో సరి. ఇనుము పెరగదు, ఎముక పెరుగుతుంది. టైటానియం పైపొరలో 100 నుంచి 400 మైక్రాన్ల రంధ్రాలుంటాయి. కొన్ని నెలల్లో ఎముక వాటిలోకి అల్లుకుంటుంది.

అసలు పరీక్ష తొలి వారాల్లోనే. అడుగు వేసినప్పుడల్లా లోహం ఎముక మీద సుమారు 50 మైక్రాన్ల లోపు కదిలితే ఎముక అల్లుకుంటుంది. 150 దాటితే మెత్తని నారపొర ఏర్పడి పట్టు నిలవదు. తేడా ఒక తలవెంట్రుక మందమంత!

కాబట్టి కొత్తది గనుక మేలని చెప్పలేం. ఎముక గట్టిగా ఉన్నవారి తుంటికి సిమెంటు లేని పద్ధతి బాగా నప్పుతుంది. పెళుసు ఎముకల వృద్ధుల్లో కాడను దిగగొడితే తొడ ఎముక చిట్లవచ్చు, అక్కడ సిమెంటే క్షేమం. కొందరికి గిన్నె భాగం సిమెంటు లేకుండా, కాడ సిమెంటుతో బిగిస్తారు. మోకాలికి ఇప్పటికీ ఎక్కువగా సిమెంటే వాడుతున్నారు.

ఏ పద్ధతిలోనైనా పట్టు సడలవచ్చు. కీలులోని పాలిథిలిన్ అరిగి రాలిన సన్నని రేణువులకు శరీరం స్పందించే క్రమంలో చుట్టూ ఎముక కరుగుతుంది. ఏళ్లపాటు నొప్పి లేకుండా నడిచిన కీలు, కూర్చుని లేచాక తొలి అడుగుల్లో నొప్పి పెడుతుంటే డాక్టర్లు ముందు ఎక్స్‌రే తీయిస్తారు. లోహం చుట్టూ సన్నని నల్లగీత కోసం పాత ఎక్స్‌రేతో పోల్చి చూస్తారు. ఆపరేషన్ నాటి ఫిల్ములు పారేయకుండా దాచుకోవాల్సింది ఇందుకే.