వ్రాతకొక చోటు

కవిత్వమునకు కావలసిన సామగ్రిలో మన పెద్దలు చోటును కూడ చేర్చిరి. అల్లసాని పెద్దన చెప్పినదని ప్రసిద్ధికెక్కిన చాటుపద్యమొకటి కలదు. కృతి రచించుటకు తనకేమేమి కావలెనో కవి అందులో వరుసగా చెప్పెను. కప్పురపు విడెము, ఇంపైన భోజనము, ఊయల మంచము, మర్మమెరిగిన లేఖకులు, పాఠకులు, అన్నియు ఆ పట్టికలో నున్నవి. కాని తొట్టతొలి కోరిక మాత్రము అలజడి లేని స్థలము. తక్కినవి రాజాశ్రయము గల కవికి చెల్లును గాక! ఈ మొదటి కోరిక గ్రామ పాఠశాలలో వ్యాసము వ్రాయనున్న బాలునకు కూడ న్యాయమైనదే.

ఆ బాలునకు అట్టి చోటు దొరకుచున్నదా? పెనుగంచిప్రోలు మున్నేటి యొడ్డున నున్న ఊరు. పూర్వపు కృష్ణాజిల్లాలో మెట్టసీమ. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. ప్రత్తియు మిరపయు పండు ప్రాంతము. పంట ఇల్లు చేరిన దినములలో చిన్న రైతు ఇంట వసారాయే కొట్టు, గదియే గిడ్డంగి. మిరప టిక్కీల ఘాటుకు కన్నులు మండుచుండగా పిల్లవాని పుస్తకముల సంచి అటకమీది కెక్కును. పంట అమ్ముడుపోయిన పిదప బస్తాలు పోవును గాని, వాని స్థానమున విరిగిన మంచపుకోడు, ఖాళీ డబ్బాలు, పాత పత్రికల కట్టలు వచ్చి చేరును. అటక యెక్కిన పుస్తకము మరల దిగదు. ఇంటిలో ప్రతి వస్తువునకు ఒక చోటుండును. చదువుకొను పిల్లకు తప్ప.

ఉపాధ్యాయుల ఇండ్లును ఇందుకు మినహాయింపు కావు. ఏండ్లనాటి ప్రశ్నపత్రములు, మూతలేని కలములు, చెదలు తిన్న గైడ్లు బల్లనిండ నుండగా కొత్త కాగితమునకు తావెక్కడ? చిందరవందరగా నున్న గదిలో మంచి రచన పుట్టనే పుట్టదని చెప్పుట నా యుద్దేశము కాదు. కాని కూర్చుండిన ప్రతిసారియు బల్ల ఖాళీ చేసికొనుటకే పావుగంట పట్టినచో, వ్రాయవలెనను కోరిక ఆ పావుగంటలోనే చల్లారును.

ఈ విషయమున మనకు పాఠము చెప్పు ఆచారము పెనుగంచిప్రోలులోనే యున్నది. అక్కడి తిరుపతమ్మ అమ్మవారికి రెండేండ్ల కొకమారు రంగుల ఉత్సవము జరుగును. అమ్మవారి విగ్రహమును, పరివార దేవతల విగ్రహములను ఊరేగింపుగా జగ్గయ్యపేటకు కొనిపోయి, రంగులు వేయించి, మరల ఆలయమునకు తెత్తురు. భక్తుల దృష్టిలో అది పుణ్యకార్యము. గృహస్థుడు గ్రహింపదగిన వివేకము కూడ అందులో కలదు. రంగు మాసినదని విగ్రహమును మార్చరు. విగ్రహము పూజ్యమని మాసిన రంగును ఉపేక్షింపరు. ఉంచదగినది ఉంచుట, మార్పదగినది మార్చుట, ఆ పనికి గడువు పెట్టుకొనుట - గది సర్దుట యనగా ఇంతియే.

ఈ వివేకము లేని శుభ్రత మురికి కంటె ప్రమాదము. భోగినాడు పాత సామానును మంటలో వేయు వేడుకలో ఏ తాతగారి వ్రాతప్రతియో కలిసిపోయినచో దానిని తిరిగి తేగల వారెవరు? మానవల్లి రామకృష్ణకవి వెలికి తీసి 1909 లో ప్రకటించునంతవరకు నన్నెచోడుని కుమారసంభవము మరపున పడియుండెను. 19వ శతాబ్దమున బ్రౌను దొర కడపలో పండితులను కూర్చి వ్రాతప్రతులు సేకరించి సరిచూపించినాడు. ఎవరో ఒకరు పారవేయక దాచుటచేతనే వారి కృషి ఫలించినది. కనుక సూత్ర మొక్కటి: చదువక ఏ కాగితమును పారవేయరాదు, చదివిన పిదప అక్కరలేని దానిని దాచరాదు.

ఇక పని విధానము. ఎండగల ఒక సెలవుదినమున గదిలోని వస్తువులన్నియు ముంగిట పెట్టుడు. వానిని నాలుగు కుప్పలు చేయుడు: నిత్యము వాడునవి, ఏటికొకసారి వాడునవి, ఇతరులకు పనికివచ్చునవి, ఎవరికిని పనికిరానివి. మొదటివి చేతికందునట్లు గూటిలో, రెండవవి పెట్టెలో నుంచవలెను. మూడవ వానిని పాఠశాల గ్రంథాలయమునకో, పొరుగు పిల్లలకో ఇయ్యవలెను. నాలుగవ వానిని ఆనాడే బయటికి పంపవలెను. రేపటికని ఆపినచో అవి రాత్రికే మరల గదిలోనికి వచ్చును. పత్రములను, పుస్తకములను నేలమీద నుంచరాదు. 2024 సెప్టెంబరు తొలిదినములలో మున్నేరు పొంగి ఊరిలోనికి వచ్చుటను చూచిన వారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు.

పిదప గోడలు. జగ్గయ్యపేట పరిసరములు సున్నపురాతికి ప్రసిద్ధి. అక్కడి ప్రాచీన బౌద్ధస్తూపపు శిల్పఫలకములు సున్నపురాతివే. నేటి సిమెంటు కర్మాగారములకును అదియే ఆధారము. ఆ రాతిని కాల్చిన సున్నమును నీట విరియజేసి, గుడ్డతో వడియగట్టి, కొంచెము జిగురును, చిటికెడు నీలిమందును కలిపి రెండు పూతలు పూసినచో చిన్న కిటికీ గల గది కూడ తెల్లవారినట్లుండును. తెల్లని గోడ తనపై బడిన వెలుగును గదినిండ పంచును. సున్నము విరియునపుడు కాగి చిందును, కన్నులకు హాని. ఆ పని పెద్దలే చేయవలెను.

గదిలో ఒక మూలను, నాలుగడుగుల చోటు చాలును, వ్రాతకే కేటాయింపవలెను. కుడిచేత వ్రాయువానికి వెలుగు ఎడమవైపునుండి రావలెను. అప్పుడు చేతినీడ అక్షరములపై పడదు. పీటయో, చిన్నబల్లయో, ఒక దీపము, నిఘంటువు, ఖాళీ కాగితములు - ఇంతే. ఆ చోటున బస్తా పెట్టరాదు, బట్టలు మడతపెట్టరాదు. పంటలనాడును ఆ నాలుగడుగులు పిల్లలవే యని ఇంటి పెద్ద మాట ఇయ్యవలెను.

ఈ పనినుండియే వ్రాతకు వస్తువు కూడ దొరకును. పెట్టె అడుగున కనబడిన ఇత్తడి సోల, అవ్వ దాచుకొన్న ఉత్తరము, తాతగారి కళ్ళజోడు, ప్రతిదానికి ఒక కథ కలదు. సెలవుల తరువాత ఉపాధ్యాయులు "మా ఇంట నేను పారవేయనీయని వస్తువు" అని ఒక వ్యాసము వ్రాయింతురు గాక. నమూనా వ్యాసములను వల్లించు పిల్లల నోట సొంతమాట ఎట్లు పలుకునో వినవచ్చును.

మేడ కట్టుట అందరి వశము కాదు. నాలుగడుగుల చోటు విడుచుట ఏ ఇంటికైనను సాధ్యమే. పిల్లవానికి ఆ చోటు చూపి, "ఇది నీది, ఇక్కడ కూర్చుండి వ్రాసికొనుము" అని తల్లిదండ్రులు అనగలిగిన నాడు ఆ ఇంట చదువు నిలుచును.