అత్తిబెలె అవతల బీరు పందెం

హోసూరు పక్కన తొరపల్లి అనే చిన్న ఊరుంది. రాజాజీ అని పిలుచుకునే చక్రవర్తి రాజగోపాలాచారి 1878 డిసెంబరు 10న పుట్టింది అక్కడే. ఆయన పుట్టిన ఇంటిని ఇప్పటికీ స్మారకంగా కాపాడుతున్నారు. 1937లో మద్రాసు ప్రభుత్వ పగ్గాలు అందుకున్న కొద్ది నెలలకే రాజాజీ మద్యనిషేధం తెచ్చారు. ఆ ఏడాది అక్టోబరు 1న దాన్ని మొట్టమొదట అమలు చేసింది సేలం జిల్లాలో. హోసూరు, కృష్ణగిరి అప్పట్లో ఆ జిల్లాలోవే. మరుసటి ఏడాది అది మన చిత్తూరు, కడప జిల్లాలకూ పాకింది. కల్లు, సారా మీద వచ్చే రాబడి పోయి ఖజానాకు గండి పడితే, దాన్ని పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను పెట్టారు. దుకాణంలో బిల్లు చేతికొచ్చినప్పుడల్లా మనం చదివే పన్ను వరుసకు మూలాల్లో ఒకటి ఈ పల్లెలో పుట్టిన మనిషి పట్టుదలలో ఉందంటే ఆశ్చర్యమే.

ఆ నిషేధం తర్వాత ఎన్నో మలుపులు తిరిగింది. 1971లో ఎత్తేశారు, మళ్లీ పెట్టారు, మళ్లీ సడలించారు. కల్లు మాత్రం తమిళనాడులో 1987 నుంచి బందే. 2003 చివరి నుంచి మద్యం చిల్లర అమ్మకమంతా ప్రభుత్వ సంస్థ టాస్మాక్ చేతిలో ఉంది. అందుకే అక్కడికక్కడ వండి, తొట్టి నుంచి నేరుగా గ్లాసులోకి పోసే బీరు కావాలంటే హోసూరు వాళ్లు చూసేది పడమటి వైపే. అత్తిబెలె దగ్గర సరిహద్దు దాటి వెళితే హోసూరుకు 40 కిలోమీటర్లలో బెంగళూరు. తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఇంటి భాషలే అయిన ఈ తాలూకా నుంచి పొద్దున ఉద్యోగానికి వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే వాళ్లు వేలమంది. అలా బీరు వండి పోసే మైక్రోబ్రూవరీల పేర్లు, వాటి మీద వాదులాటలు ఆ బస్సుల్లోనే హోసూరు దాకా వస్తాయి. ఎవరి గోధుమ బీరు గొప్ప, ఎవరిది వట్టి హంగు అన్న తగాదా ఇక్కడి కుర్రాళ్లకు క్రికెట్ తగాదాతో సమానం.

బెంగళూరుకు బీరు కొత్త కాదు. దక్షిణాదిలో బ్రిటిష్ సైనికుల దాహం తీర్చడానికి పుట్టిన కాసిల్ బ్రూవరీ 1857 నాటిది. అలాంటి అయిదు బ్రూవరీలను కలిపి థామస్ లీష్‌మన్ 1915లో యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే అందులోకి విఠల్ మాల్యా వచ్చారు. ఆయన పేరు పెట్టుకున్న రోడ్డులో, పాత బ్రూవరీ ఉన్న స్థలంలో ఇప్పుడు యూబీ సిటీ అద్దాల మేడలున్నాయి. నగరంలో మొదటి మైక్రోబ్రూవరీగా పేరుపడ్డ ది బియర్ క్లబ్ 2011లో తెరుచుకుంది కూడా ఆ రోడ్డులోనే. ఆ రోజుల్లోనే ఇందిరానగర్ వంద అడుగుల రోడ్డులో టాయిట్, మరి కాస్త తర్వాత మాగ్రత్ రోడ్డులో ఆర్బర్, వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్ వచ్చాయి. ఆర్బర్ మూలం అమెరికాలోని ఆన్ ఆర్బర్ పట్టణం, అక్కడ అది 1995లో మొదలైంది. గైస్ట్ కథ ఇంకొకటి. ఇంటెల్‌లో పనిచేస్తూ పోర్ట్‌లాండ్‌లో ఇంటి దగ్గరే బీరు వండటం నేర్చుకున్న నారాయణ్ మానేపల్లి దాని ఆద్యుల్లో ఒకరు. ఆ బీరు మొదట్లో బెల్జియంలో తయారై ఓడెక్కి వచ్చేది. ఇప్పుడు పాత మద్రాసు రోడ్డు పక్కనే తయారవుతోంది.

ఇన్ని చోట్ల బీరును పక్కపక్కన పెట్టి చూడాలంటే ఏదో ఒక కొలబద్ద కావాలి. నా లెక్కలో అది గోధుమ బీరే. జర్మన్లు హెఫెవైజెన్ అంటారు. ఇది దొరకని మైక్రోబ్రూవరీ బెంగళూరులో అరుదు. పైగా ఇందులో తప్పు దాచడానికి చోటు లేదు. మాల్టులో, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజల్లో, సగానికి పైగా గోధుమ, చేదు నామమాత్రం, వడకట్టరు కాబట్టి గ్లాసు మసకగా ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పండిన అరటిపండు, వెనకే లవంగం. అరటీ వేయరు, లవంగమూ వేయరు. ఆ రెండు వాసనలూ ఈస్ట్ తనంతట తాను పుట్టించేవే. పులిసే తొట్టి కాస్త వెచ్చగా ఉంటే అరటి పైచేయి అవుతుంది, చల్లగా ఉంటే లవంగం. అంటే ఒక్క గుక్కతో ఆ బ్రూవరీలో తొట్టి దగ్గర నిలబడ్డ మనిషి పనితనం తెలిసిపోతుంది.

టాయిట్ వైస్‌లో నా ముక్కుకు ముందు అందేది అరటి. నురగ మందంగా, మెత్తగా నిలుస్తుంది. ఆర్బర్ వాళ్ల బ్యాంగలోర్ బ్లిస్ కొంచెం పొదుపైన రుచి, భోజనంతో పాటు తాగడానికి అదే నాకు నచ్చుతుంది. విండ్‌మిల్స్‌లో గోధుమ బీరు గుండ్రంగా, నింపాదిగా ఉంటుంది. అక్కడ పుస్తకాల అలమరాలూ జాజ్ కచేరీలూ ఉన్నాయి కాబట్టి ఆ నింపాదితనం కొంత చోటు మహిమ కూడా కావచ్చు. మూడింటిలో ఒకటే ఎంచుకోమంటే నా ఓటు టాయిట్‌కే. అయితే ఒకే చోట ఈ వారం తొట్టికీ వచ్చే నెల తొట్టికీ తేడా ఉంటుంది. చిన్న తొట్లలో వండే బీరుకు అది సహజం, దాని ఆకర్షణా అదే.

గోధుమ దాటితే ఒక్కొక్కరి బలం ఒక్కోచోట. చేదు ఇష్టమైతే ఆర్బర్ వాళ్ల రేజింగ్ ఎలిఫెంట్‌కు సాటి రావడం కష్టం. అది ఇండియా పేల్ ఏల్ జాతి, ఇంగ్లండు నుంచి నెలల తరబడి ఓడలో ఇండియాకు వచ్చినా చెడకుండా చేదునిచ్చే హాప్స్ పూలు దండిగా వేసిన బీరుకు వారసురాలు. హాప్స్ ఈనాటికీ ఎక్కువగా జర్మనీ, అమెరికాల నుంచే దిగుమతి అవుతాయి. టాయిట్‌లో బాస్మతి బ్లాండ్ అని బియ్యం కలిపిన తేలికపాటి బీరుంది, ఎండాకాలం మధ్యాహ్నానికి తగినది. వాళ్ల నైట్రో స్టౌట్ తాగకపోయినా ఒకసారి పోయించి చూడాలి. నల్లటి బీరులో మామూలు గ్యాసుకు తోడు నైట్రోజన్ నింపుతారు. నైట్రోజన్ ద్రవంలో సులువుగా కరగదు కాబట్టి బుడగలు ఆవగింజ కంటే సన్నగా వస్తాయి. గ్లాసు అంచున అవి పైకి కాకుండా కిందికి జారుతున్నట్టు కనిపిస్తాయి. కనుకట్టు కాదది. నడిమధ్యన ద్రవం పైకి పొంగి, అంచుల వెంట కిందికి తిరిగొస్తూ సన్న బుడగలను లాక్కుపోతుంది. రెండు నిమిషాల్లో కింద నలుపు, పైన మీగడ రంగు నురగ విడివడి నిలుస్తాయి.

ఇక తెలుగువాళ్ల వంతు సంగతి. తేజ చేకూరి నడిపే ఐరన్‌హిల్ మైక్రోబ్రూవరీ ఆంధ్రలోనూ హైదరాబాదులోనూ ఉంది. బెంగళూరు మారతహళ్లి దగ్గర దాని శాఖ 2021లో తెరుచుకుంది. లక్షా 30 వేల చదరపు అడుగుల ఆవరణతో ప్రపంచంలోకెల్లా పెద్ద మైక్రోబ్రూవరీ తమదేనని వాళ్లు చెప్పుకుంటారు. చూడటానికి జాతరలా ఉంటుంది. నాకైతే బీరు మీద మనసు నిలవాలంటే చిన్న చోటే మేలు.

ఇంత పోటీలోనూ నాకొక లోటు కనిపిస్తుంది, అది హోసూరు, కృష్ణగిరి వాళ్లకు బాగా అర్థమయ్యే లోటు. మంచి మాల్టు అంటే ఇప్పటికీ జర్మనీలోని బాంబెర్గ్ బస్తాల వైపే చూస్తారు. మరి మాల్టు చేయడం మన వంటింటికి తెలియని విద్యా? తమిళనాడులో రాగులకు పెట్టింది పేరు కృష్ణగిరి జిల్లా. ఇక్కడి ఇళ్లలో రాగులు రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచి, తడిగుడ్డలో మూటకట్టి పెడతారు. మర్నాటికి మూట గోరువెచ్చగా అవుతుంది, గుడ్డ విప్పితే తెల్లటి మొలకలు పొడుచుకొచ్చి ఉంటాయి. వాటిని ఎండబెట్టి, దోరగా వేయించి, విసిరితే చంటిపిల్లలకు పట్టే మాల్టు పిండి. బార్లీతో బీరు మాల్టు చేసేదీ ఈ పద్ధతిలోనే. మొలకెత్తే గింజ తన పిండిని చక్కెరగా మార్చే శక్తి పుంజుకుంటుంది, ఆ చక్కెరనే ఈస్ట్ తిని బీరు చేస్తుంది. హిమాలయాల్లో రాగులతోనే తోంగ్‌బా పులియబెట్టి, వేడినీళ్లు పోసి, వెదురు గొట్టంతో పీలుస్తారు. కాబట్టి రాగి పనికిరాదనడానికి లేదు.

మామిడి మాటా అంతే. కృష్ణగిరి మామిడి ప్రదర్శనకు ఏటా జనం కిటకిటలాడతారు. జిల్లాలోని గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి, ఆల్ఫాన్సో కాయలు లారీల్లో వెళతాయి. బెంగళూరులో వేసవికి మామిడి బీరు పెట్టే చోట్లున్నాయి. అందులో చిక్కేమిటంటే, పండులోని తీపిని ఈస్ట్ తినేస్తుంది, మిగిలేది వాసన, పులుపు. అందుకే నాకు పులుపున్న తోతాపురి మీదే ఆశ. కాయ ఏ తోట నుంచి వచ్చిందో బీర్ల పేర్లు రాసే పలక మీద రాస్తే కృష్ణగిరి రైతు పేరు కూడా ఆ పోటీలోకి ఎక్కుతుంది.

వెళ్లాలనుకునే వాళ్లకు దారి ఇప్పుడు సులువైంది. హోసూరు బస్టాండు నుంచి బెంగళూరు బస్సులకు కొదవ లేదు. 2025 ఆగస్టులో మెట్రో పసుపు లైను మొదలైంది కాబట్టి బొమ్మసంద్రలో దిగి రైలెక్కవచ్చు. ఆర్‌వీ రోడ్డులో ఆకుపచ్చ లైనుకు, మెజెస్టిక్‌లో ఊదా లైనుకు మారితే ఇందిరానగర్ చేరతారు. మారతహళ్లికి ఆటో కానీ క్యాబ్ కానీ తప్పదు. వారం మధ్యలో, సాయంత్రం ఏడు లోపు వెళ్లండి, అప్పుడు బల్ల దొరుకుతుంది, తొట్టి దగ్గరి మనిషి కూడా మాట్లాడే తీరికలో ఉంటాడు. పెద్ద గ్లాసు తెప్పించే ముందు అన్ని రకాలూ చిన్న గ్లాసుల్లో ఇచ్చే పళ్లెం అడగండి. తేలిక బీరుతో మొదలుపెట్టి నల్లదానితో ముగించాలి, వరుస తిరగేస్తే గోధుమ బీరు రుచే తెలియదు. 21 ఏళ్లు నిండని వాళ్లకు పోయరు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే బండి నడపడం నేరం. హోసూరు రోడ్డు మీద రాత్రిపూట లారీల రద్దీ మీకు తెలియంది కాదు. బండి ఇంట్లో పెట్టి, బస్సులో, మెట్రోలో వెళ్లి, ఆఖరి రైలు వేళ ముందే చూసుకుని అలాగే తిరిగి రండి.