బ్రూయిన్ల సాఫ్ట్‌బాల్ జట్టు

అమెరికా సంయుక్త రాష్ట్రములకు పశ్చిమమున, పసిఫిక్ మహాసముద్ర తీరమున, కాలిఫోర్నియా రాష్ట్రము కలదు. అందలి లాస్ ఏంజలస్ మహానగరములో 1919వ సంవత్సరమున వెలసిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాఖ విద్యయందును క్రీడలయందును మిక్కిలి ప్రసిద్ధి వహించినది. దానిని సంక్షేపముగా యు.సి.ఎల్.ఎ. అందురు. అచ్చటి క్రీడాకారులకు ‘బ్రూయిన్లు’ అని పేరు. బ్రూయిన్ అనగా ఎలుగుబంటి. ఆ విశ్వవిద్యాలయపు స్త్రీల సాఫ్ట్‌బాల్ జట్టు చరిత్ర తెలిసికొనదగినది. అవకాశము లభించినచో బాలికలు ఎంతటి కార్యము సాధింపగలరో అది తెలుపును. ఎంతటి విజేతలైనను నియమమును మీరరాదనియు అది బోధించును.

సాఫ్ట్‌బాల్ పుట్టుక కడు విచిత్రమైనది. 1887లో షికాగో నగరమున ఒక పడవల క్లబ్బులో కొందరు యువకులు ఒక ఫుట్‌బాల్ పందెము ఫలితమునకై ఎదురుచూచుచుండిరి. ఫలితము తెలిసినంతనే ఒకడు ఉత్సాహము పట్టజాలక పాత బాక్సింగు తొడుగు నొకదానిని విసరెను. వేఱొకడు చేతనున్న కఱ్ఱతో దానిని కొట్టెను. ఇది చూచిన జార్జి హాంకాక్ అను నతడు ఆ తొడుగును బంతివలె ముడిచి కట్టించి, నేలపై సుద్దతో గీతలు గీసి, చీపురుకఱ్ఱయే బ్యాటుగా ఒక నూతన క్రీడను కల్పించెను. ఇంటిలోపల మొదలైన యీ యాట క్రమముగా మైదానమునకు వ్యాపించెను. సాఫ్ట్‌బాల్ అను పేరు మాత్రము 1926లో ఏర్పడినది.

ఈ యాటలో జట్టునకు తొమ్మండ్రు మైదానమున నిలుతురు. చతురస్రముగా అమర్చిన నాలుగు స్థానములను ‘బేసులు’ అందురు. ఒక బేసునకును తరువాతి దానికిని నడుమ 60 అడుగుల దూర ముండును. బంతిని కొట్టిన క్రీడాకారిణి ఈ బేసులను వరుసగా చుట్టి, బయలుదేరిన చోటికి క్షేమముగా చేరినచో ఒక పరుగు లభించును. ముగ్గురు ఔటైనంతనే ఎదుటి జట్టునకు వంతు వచ్చును. ఇట్లు ఏడు ఇన్నింగ్సులు ఆడుదురు.

క్రికెట్టులో బౌలరు చేయి పైకెత్తి బంతిని వేయగా, ఇందు చేతిని క్రిందుగా త్రిప్పి విసరవలెను. బంతి నేలను తాకకుండ బ్యాటును చేరును. విశ్వవిద్యాలయ పోటీలలో ఈ దూరము 43 అడుగులు మాత్రమే. నేర్పరులు గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగముతో విసరుదురు. అనగా బంతిని చూచి, కొట్టుటయా మానుటయా యని నిశ్చయించుకొనుటకు అర సెకను కాలమైనను చిక్కదు. సాఫ్ట్‌బాల్ అనగా మెత్తని బంతి యని యర్థమైనను నేటి బంతి గట్టిదే. కావున నిది దృష్టికిని, ధైర్యమునకును, సంయమమునకును పరీక్ష వంటిది.

ఇట్టి యాటను స్త్రీలు ఎంతో నేర్పుతో ఆడుచున్నను, 1970కి పూర్వము అమెరికా విద్యాలయములలో వారి క్రీడలకు ధనము గాని, విద్యార్థి వేతనములు గాని లభించుట అరుదు. ఆటస్థలములు బాలురవి, ఆదరణ బాలురది. ఫ్లారిడా రాష్ట్రమున పెరిగిన డాట్ రిచర్డ్‌సన్ అను బాలిక బంతిని విసరుటలో మిక్కిలి నేర్పరి. ఆమె బాల్యమున ఒక శిక్షకుడు ఆమె నేర్పును మెచ్చుకొని, జుట్టు కత్తిరించుకొని బాబ్ అను మగపేరు పెట్టుకొన్నచో బాలుర జట్టులో చేర్చుకొందుననెను. తాను బాలికయను సంగతిని దాచి ఆడుట కామె సమ్మతింపలేదు.

1972వ సంవత్సరము జూను 23వ తేదీన అమెరికా దేశమున ఒక శాసనము చేయబడినది. దానికి ‘టైటిల్ నైన్’ అని పేరు. ప్రభుత్వ ధనసహాయము పొందు విద్యాకార్యక్రమములలో స్త్రీపురుష భేదము చూపి ఎవ్వరికిని అవకాశము నిరాకరింపరాదని దాని సారాంశము. ఎడిత్ గ్రీన్, ప్యాట్సీ మింక్ అను మహిళా ప్రతినిధులు దీనికై ఎంతయో పాటుపడిరి. ముఖ్యమైన ఆ వాక్యమున ఆంగ్లమున 37 మాటలే కలవు. అందు క్రీడల ప్రసక్తియే లేదు. అయినను ఆటలును విద్యలో భాగమే కావున ఆ వాక్యము ఆటస్థలముల తలుపులను కూడ తెఱచినది.

అట్లు తెఱచిన తలుపులగుండ వచ్చినదే బ్రూయిన్ల జట్టు. అది 1975లో ఆరంభమైనది. శారన్ బాకస్ అను ప్రఖ్యాత క్రీడాకారిణి దానికి శిక్షకురాలయ్యెను. తొలి జట్టులో స్యూ ఎన్‌క్విస్ట్ అను విద్యార్థిని కలదు. మూడేండ్లు గడచునప్పటికే, అనగా 1978లో, ఆ జట్టు స్త్రీల క్రీడాసంఘము వారి జాతీయ విజేత యైనది. 1982లో ఎన్.సి.ఎ.ఎ. అను మహాసంఘము స్త్రీల సాఫ్ట్‌బాల్ పోటీలను మొదటిసారిగా నడపగా, ఒమాహా నగరమున ఫ్రెస్నో స్టేట్ జట్టును 2–0 పరుగులతో ఓడించి బ్రూయిన్లే గెలిచిరి. మగపేరు పెట్టుకొననని చెప్పిన డాట్ రిచర్డ్‌సన్ ఆ జట్టులో నుండెను. ఆమె ఇప్పుడు తన పేరుతోనే ఆడుచుండెను.

పిమ్మట 1984, 1985 సంవత్సరములలోను, 1988 మొదలు 1990 వరకు వరుసగా మూడు మారులును, మఱల 1992లోను విజయము వారినే వరించినది. ఆ కాలమున లిసా ఫెర్నాండెజ్ అను క్రీడాకారిణి అద్భుత ప్రతిభ చూపెను. విశ్వవిద్యాలయ జట్టు తరపున బంతి విసరి ఆమె 93 ఆటలు గెలిచి 7 మాత్రమే ఓడెను. బంతి విసరువారు బ్యాటుతో రాణించుట అరుదు. ఆమె 1993లో ఈ రెండు విద్యలయందును దేశమున ప్రథమస్థానము నందెను.

కాని కీర్తి సంపాదించుటకంటె కాపాడుకొనుట కష్టము. ఒక్కొక్క క్రీడకు ఇన్ని విద్యార్థి వేతనములే ఈయవలెనని ఆ కాలమున సంఘము నియమము విధించియుండెను. ధనికమైన విద్యాలయము ఉత్తమ క్రీడాకారిణుల నందరను తానే చేర్చుకొనకుండుటకే యీ కట్టుబాటు. సాకర్ ఆటకు నిర్దేశించిన వేతనములను సాఫ్ట్‌బాల్ క్రీడాకారిణులకు ఇచ్చిరని విచారణలో తేలెను. 1995లో జట్టు గెలిచిన జాతీయ విజయమును సంఘము 1997లో రద్దు చేసెను. మైదానమున క్రీడాకారిణులు పడిన శ్రమ నిజమే. వేసిన పరుగులును నిజమే. అయినను కార్యాలయమున జరిగిన తప్పు ఆ శ్రమను పట్టికలో లేకుండ చేసినది. ఒకరు తప్పు చేయగా పదిమంది ఫలమును కోల్పోవుట జట్టు జీవనమున తప్పని విషయము.

జట్టు కృంగిపోలేదు. తొలి జట్టులో ఆడిన స్యూ ఎన్‌క్విస్ట్ ప్రధాన శిక్షకురాలై 1999, 2003, 2004 సంవత్సరములలో విజయము సాధించిపెట్టెను. 2007 నుండి ఆ పదవి ఆ జట్టులోనే ఆడిన కెల్లీ ఇనోయె–పెరెజ్‌కు దక్కెను. ఆమె నాయకత్వమున 2010లోను 2019లోను బ్రూయిన్లు గెలిచిరి. ఇట్లు రద్దైన దానిని విడిచి, 2019 నాటికి ఎన్.సి.ఎ.ఎ. విజయములు 12 అయినవి. నిన్నటి శిష్యురాలు నేటి గురువగుట ఆ జట్టునకు సంప్రదాయము.

ఆ సంప్రదాయ ఫలము ప్రపంచమునకును కనబడినది. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో సాఫ్ట్‌బాల్ తొలిసారి చోటు పొందగా, అమెరికా స్త్రీలు చైనాను 3–1తో గెలిచి స్వర్ణపతకము నందిరి. ఆ యాటలో బంతిని ఆవరణము దాటించిన క్రీడాకారిణి డాట్ రిచర్డ్‌సనే. అప్పటి కామె ఎముకల శస్త్రచికిత్స నభ్యసించుచున్న వైద్యురాలు. లిసా ఫెర్నాండెజ్ 1996, 2000, 2004 ఒలింపిక్ క్రీడలలో మూడు స్వర్ణపతకములను పొందెను.

శాసనము తలుపును మాత్రమే తెఱచును; లోపలికి నడచుట మనుజుల పని. నడచిన వారు శ్రమతో నిలువవలెను, నియమముతో గెలువవలెను. ఒకనాడు ఆటస్థలమున చోటు కావలెనన్న మగపేరు పెట్టుకొనుమని బాలికకు చెప్పిరి. నేడు ఆ దేశమున వేలకొలది బాలికలు తమ పేర్లతోనే మైదానమున దిగుచున్నారు. ఏ దేశమునందైనను బాలిక కోరునది దయ కాదు; తన పేరుతో ఆడుకొనుటకు కొంత చోటు.