లిడియా చెప్పని మాటలు

1977 మే నెల. ఒహాయోలో ఓ చిన్న ఊరు. టిఫిన్ వేళ దాటుతున్నా పదహారేళ్ల లిడియా కిందికి రాలేదు. ఆమె ఇక లేదని పాఠకులకు తెలుసు, ఇంట్లోవాళ్లకే తెలీదు! చైనీస్ అమెరికన్ రచయిత్రి సెలెస్ట్ ఇంగ్ తొలి నవల 'ఎవ్రీథింగ్ ఐ నెవర్ టోల్డ్ యూ' మొదలయ్యేది ఇలాగే. 2014లో అమెజాన్ సంపాదకులు ఆ ఏటి మేటి పుస్తకంగా ఎంచుకున్నది దీన్నే.

చెరువులో శవం దొరుకుతుంది. హత్యా, ఆత్మహత్యా? పోలీసుల సంగతి అలా ఉంచితే, అసలు గుట్టంతా ఇంట్లోనే ఉంది. తండ్రి జేమ్స్ చైనా నుంచి వలస వచ్చినవారి కొడుకు, చరిత్ర ప్రొఫెసర్. తల్లి మారిలిన్ తెల్లజాతి అమ్మాయి. డాక్టరు కావాలనుకుని గృహిణిగా మిగిలిపోయింది. వాళ్ల పెళ్లి 1958లో. జాత్యంతర వివాహాలపై నిషేధాలను అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది 1967లో!

కూతురు డాక్టరవ్వాలని తల్లి, నలుగురిలో కలిసిపోవాలని తండ్రి... పాపం లిడియా ఇద్దరికీ తలూపింది. ఫిజిక్స్‌లో తప్పుతున్నా చెప్పలేదు. స్నేహితులే లేకున్నా ఫోన్లో కబుర్లాడుతున్నట్లు నటించింది. చిన్నప్పుడు ఓసారి చదువు కోసం ఇల్లు వదిలి వెళ్లిన అమ్మ తిరిగొస్తే, ఏం చెప్పినా కాదననని తనకు తానే మాటిచ్చుకుంది మరి. ఈ ఒక్క ఘట్టం కోసమైనా నవల చదవాలి.

తండ్రి రహస్య ప్రేమ వ్యవహారం మాత్రం కాస్త సినిమా ఫక్కీలో సాగుతుంది. ఎవరూ పట్టించుకోని చిన్న చెల్లెలు హన్నా మాత్రం టేబుల్ కింద కూర్చుని అన్నీ చూస్తూనే ఉంటుంది.